ప్రేతభాషా విచారము

ఒక భాషయందు వెలసిన చలనచిత్రమును వేఱొక భాషలో మరల నిర్మించునపుడు కథయం దేది నిలువవలయును, ఏది మాఱవలయును అను ప్రశ్న పుట్టును. ఈ ప్రశ్నకు 1993వ సంవత్సరమున వెలువడిన 'మణిచిత్రత్తాళ్' అను మలయాళ చిత్రమును, దాని పునర్నిర్మాణములును చక్కని సమాధానము నిచ్చుచున్నవి. మూలమునకు ఫాజిల్ దర్శకుఁడు. మధు ముట్టం కథాకర్త.

కథాసంగ్రహ మిది. నకులన్ అను గృహస్థుఁడు భార్యయగు గంగతోఁ గూడి పూర్వుల గృహమగు మాడంపల్లికి వచ్చును. ఆ యింట తాళము వేసి మూసియుంచిన భాగ మొకటి కలదు. పూర్వ మా యింటి యజమానుఁడు తంజావూరినుండి నాగవల్లియను నర్తకిని గొనివచ్చి, ఆమె మనసు మఱియొకనియందుఁ గలదని యెఱిఁగి ఆమెను జంపెననియు, ఆమెయే ప్రేతమై యందున్నదనియు ఐతిహ్యము. గంగ ఆ తలుపు తెఱపించును. పిమ్మట నింట వింతలు పొడసూపును. సన్నీయను వైద్యుఁడు పరీక్షించి, ప్రేత మేదియు లేదనియు, గంగయే చిత్తవికారముచేఁ దన్ను నాగవల్లిగా భావించుకొనుచున్నదనియు నిర్ణయించును.

ఈ కథయందు భాష కేవలము సంభాషణమునకు సాధనము గాదు. పొగ నిప్పునకువలె రోగమునకు లింగము. మలయాళము పలుకు గంగ ఆవేశము వచ్చినపుడు తమిళమునఁ బలుకును. శరీర మదియే, ఇల్లదియే. వాక్కు మాత్రము మాఱినది. రెండు రూపములను శోభనయే ధరించినను, గంగకు భాగ్యలక్ష్మియు, నాగవల్లికి దుర్గయు గాత్రదానము చేసిరి. ఈ రెండవ విషయమును దర్శకుఁడు 2016లో వెల్లడించెను.

పి. వాసు ఈ కథను 2004లోఁ గన్నడమున 'ఆప్తమిత్ర'గను, 2005లోఁ దమిళమున 'చంద్రముఖి'గను నిర్మించెను. తమిళచిత్రమున నర్తకియుఁ దమిళమే పలికినచో భేదము నశించును. కావుననే ఆమెను ఆంధ్రదేశపు నర్తకిగాఁ జేసి తెలుఁగు పలికించిరి. కన్నడమునను ప్రేతభాష తెలుఁగే. ప్రియదర్శన్ 2007లో హిందీయందు నిర్మించిన 'భూల్ భులయ్యా'లో నర్తకి వంగదేశీయురాలు. 'చంద్రముఖి' తెలుఁగున ననువదింపఁబడినపుడు తెలుఁగు పాట స్థానమున తమిళపుఁ బాట నిలిచినది. ఆదేశము మరల స్థానినే చేరినది!

ప్రేక్షకులకు సులభముగ నర్థమగుటకై ప్రేతమును గూడ వారి భాషయందే పలికింపరాదా యని పూర్వపక్షము. అట్లు చేసినచో మాట అర్థమగును గాని అద్భుతము నశించును. భర్త విని యులికిపడుటకును, వైద్యుఁడు విని యూహించుటకును హేతువు తొలఁగిపోవును.

స్థానియొక్క ధర్మములను ఆదేశము వహించుననియు, వర్ణము నాశ్రయించిన కార్యమునందు మాత్రము వహింపదనియు పాణినీయుల సిద్ధాంతము. ఈ న్యాయ మిచ్చటఁ జక్కఁగ నన్వయించును. గృహభాషకంటె భిన్నమగుటయే ప్రేతభాషకు ముఖ్యధర్మము. ఆ ధర్మమును తెలుఁగు, వంగభాష, తమిళము సమానముగ వహించినవి. అయినను ధ్వని నాశ్రయించిన ఫలము సమానము గాదు. మలయాళమునకుఁ దమిళము మిక్కిలి చేరువ. మలయాళ ప్రేక్షకుఁడు ప్రేతవాక్యమును సగము గ్రహించుచునే భయపడును. తమిళునకుఁ దెలుఁగు అంత చేరువ గాదు. ఆ కొఱఁతను సంగీతసంప్రదాయము పూరించినది. తంజావూరి నాయకరాజులును, మహారాష్ట్ర ప్రభువులును తెలుఁగు నాదరించిరి. క్షేత్రయ్య పదములు, త్యాగరాజ కృతులు నేఁటికిని తమిళదేశపు సభలలో వినఁబడుచున్నవి. కావున తమిళశ్రోతకుఁ దెలుఁగు అర్థము కాకున్నను పరిచితమే. నర్తకి నోట నా భాష యుచితమైనది.

ఈ విచారము చలనచిత్రములకే పరిమితము గాదు. సంస్కృతనాటకములయందు దుష్యంతుఁడు సంస్కృతమును, శకుంతల శౌరసేనిని పలుకుదురు. తెలుఁగు ననువాదములలోఁ దఱచుగా నిరువురును ఒక్క భాషయే పలుకుదురు. అర్థము నిలుచును గాని భాషాభేదము సూచించిన విశేషము లోపించును. నాటకము నేర్పు పండితులు ఏ వాక్య మే భాషలోనిదో విద్యార్థులకుఁ జూపుట యావశ్యకము. పదమునకుఁ బదము నిలుపుటతోనే యనువాదకుని పని తీఱదు. మూలమున రెండు భాషలు గలచోట రెండు నిలుపవలయును.