సీసా అడుగు చూశారా?

మంచినీళ్ళ సీసా కొనడంలో బ్రహ్మవిద్య ఏముంది, బజారుకెళ్ళి రంగు నచ్చినది తెచ్చుకోవడమేగా అనుకునేవాణ్ణి, మొన్న వేసవి దాకా. ఆ వేసవిలో నాకు బుద్ధి వచ్చింది. వచ్చిందిగాని, దానికి శిక్ష అనుభవించింది మాత్రం మా మనవరాలు.

జరిగిందేమిటంటే, డాక్టరుగారి ఆజ్ఞ మీద రోజూ పొద్దున్నే బందరు కాలువ వెంట సైకిలు తొక్కడం మొదలుపెట్టాను. బెజవాడ ఎండల సంగతి మీకు తెలియనిది కాదు. ఏడు కొట్టేసరికే నాలుక పిడచకట్టుకుపోతుంది. రాగిపాత్రలో నీళ్ళు ఒంటికి మంచివని పదిమందీ అంటుంటే, నిగనిగలాడే రాగి సీసా ఒకటి కొన్నాను. ఓ ఆదివారం పిల్ల కూడా తన చిన్న సైకిలు తీసింది. దానికి వడదెబ్బ తగలకూడదని ముందురోజు రాత్రే నిమ్మరసంలో ఉప్పూ పంచదారా కలిపి ఆ సీసా నిండా పోసి ఉంచాను. దారిలో అది గడగడా సగం తాగేసింది. పది నిమిషాలకల్లా సైకిలు దిగి, పొట్ట పట్టుకుని గట్టు మీద కూలబడి వాంతి చేసుకుంది.

ఇంటికి చేరాక మా ఆవిడ సీసా వాసన చూసింది.

"ఏవండీ, ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పారు. మా అమ్మమ్మ మరచెంబుకి కళాయి ఎందుకు పూయించేదో ఎప్పుడైనా ఆలోచించారా?"

ఆలోచించలేదు. పులుపు తగిలితే రాగీ ఇత్తడీ ఊరుకోవు. లోహం కరిగి అందులోకి దిగుతుంది. అందుకే లోపల తగరంతో కళాయి. తాగే నీళ్ళలో లీటరుకు 2 మిల్లీగ్రాములకు మించి రాగి ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రాత్రంతా నిలవున్న నిమ్మరసానికి ఆ లెక్క ఏం తెలుసు? సాయంత్రానికి పిల్ల తేరుకుంది. నేను తేరుకోలేదు. మర్నాటి నుంచి సీసాల సంగతి కూపీ లాగడం మొదలుపెట్టాను.

ప్లాస్టిక్ సీసా చేతికొస్తే ముందు తలకిందులు చెయ్యండి. అడుగున ముక్కోణపు గుర్తులో ఒక అంకె ఉంటుంది. 1 అంటే బజారులో నీళ్ళమ్మే పల్చని సీసా. అది ఒకసారి వాడి పారెయ్యడానికి చేసినది. వేడినీళ్ళు పోస్తే ముడుచుకుపోతుంది, మూతి ఇరుకు, లోపల తోమడం కష్టం. 2, 4, 5 అంకెలవి మళ్ళీ మళ్ళీ వాడుకోవడానికి మేలు. 7 అంటే "ఇతరములు" అని అర్థం. అందులో మంచివీ ఉన్నాయి, పాలీకార్బొనేటూ ఉంది. గాజులా గట్టిగా మెరిసే ఈ పాలీకార్బొనేటును బిస్ఫినాల్-ఎ అనే రసాయనంతో తయారుచేస్తారు. వేడినీళ్ళు పోసినకొద్దీ అది ఎక్కువగా ఊడివస్తుంది. ఐరోపా సమాఖ్య పాలసీసాల్లో దీన్ని 2011లోనే నిషేధించింది. 2024 డిసెంబరులో, కొద్ది మినహాయింపులతో, ఆహారం తాకే వస్తువులన్నిటికీ ఆ నిషేధాన్ని విస్తరించింది. "బీపీయే లేదు" అన్న చీటీ చూసి మురిసిపోనూ కూడదు. దాని బదులు దాని దాయాది బిస్ఫినాల్-ఎస్ వాడినవి కూడా ఉంటాయి.

ఇహ స్టీలు. 304 అనిగాని, 18/8 అనిగాని గుర్తున్నది చూడండి. నూటికి 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు అని దాని భావం. ఆ క్రోమియం పైన కంటికి కనబడని పొర కట్టుకుంటుంది. అంటే తనకు తానే వేసుకునే కళాయి అన్నమాట! ఇంటికీ, ఆఫీసుకీ, బడికీ ఇదే శ్రేష్ఠం. రెండు గోడల మధ్య గాలి తీసేసిన రకమైతే నీళ్ళు చల్లగా ఉంటాయి, బరువు మాత్రం ఎక్కువ. అల్యూమినియం సీసాకైతే లోపల పూత ఉంటుంది. అది లేచిపోయిన నాడు సీసాకు సెలవు.

సైకిలు మీద మాత్రం స్టీలుతో అవస్థే. ఒక చెయ్యి హ్యాండిలు మీద, చూపు రోడ్డు మీద ఉండాలి. మూత తిప్పుతూ కూచుంటే కాలువలో తేలతాం! అందుకని నొక్కితే నీళ్ళు చిమ్మే 4వ అంకె మెత్తని సీసా తీసుకున్నాను. సుమారు 73 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటే సైకిలు చట్రానికి బిగించే పంజరంలో సరిగ్గా కూచుంటుంది. ఎండలో గంటలకొద్దీ వదిలెయ్యను. గీతలు పడి వాసనేస్తే మార్చేస్తాను.

ఎంత మంచి సీసా అయినా కడగకపోతే దండగే. బూజు దాక్కునేది మూతలోని రబ్బరు చుట్టు కింద. రోజూ దాన్ని ఊడదీసి, సబ్బుతో, బ్రష్షుతో తోమి, మూత పెట్టకుండా బోర్లించి ఆరబెట్టాలి. నిమ్మరసం, మజ్జిగ పోసిననాడు ఆ పూటకాపూటే కడగాలి.

మొన్న బడి తెరిచేముందు మనవరాలికి సీసా కొనబోయాం. షాపువాడు బొమ్మలున్నవి పది పరిచాడు. అది ఒక్క బొమ్మనూ చూడలేదు. వరసగా అన్నిటినీ బోర్లించింది.

"తాతయ్యా! దీనికి అంకె లేదు. వద్దు" అంది.

రాగి సీసా ఇంకా మా ఇంట్లోనే ఉంది, బల్ల మీద, ఉత్త మంచినీళ్ళతో. దాని మెడకు మా ఆవిడ ఎర్రదారం కట్టింది. అది దిష్టి తగలకుండా కాదు, నాకు గుర్తుండటానికి.