ఆరు నెలలు ప్రభువు కొరకు కనిపెట్టుట



"డాక్టరమ్మా, దగ్గు తక్కువైంది, పానం మంచిగున్నది. ప్రార్థన గూడ చేయించుకున్నం. ఇంక గోళీలు ఎందుకు?" జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఎక్కడి నుండి వచ్చినా, క్షయ రోగులు రెండో నెలలో మమ్ములను అడిగే ప్రశ్న ఇదే. అంతకుముందు అడిగేది ఇంకొకటి ఉంది: "ఇంత ప్రార్థన చేస్తున్నం, ఇంక ఎందుకు తగ్గుతలేదు?" ఈ రెండు ప్రశ్నలూ నిజానికి ఒక్కటే అని మాకు అనిపిస్తుంది. మనం అనుకున్న రోజు ఒకటి, దేవుడు నియమించిన రోజు ఒకటి.

ముందుగా ఒక మాట చెప్పాలి. కనిపెట్టుట అంటే పరీక్షను వాయిదా వేయడం కాదు. బీడీలు చేసే అక్కలు తమ దగ్గును తంబాకు ఘాటు అనుకుంటారు. మరమగ్గాల మీద పనిచేసే అన్నలు దుమ్ము దగ్గు అనుకుంటారు. అట్లా నెలలు గడుస్తాయి, ఇంతలో ఇంట్లో ఇంకొకరికి సోకుతుంది. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రం జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా తెమడ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు రెండూ ఉచితం. హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అయినా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద వేశారు. ప్రార్థన విన్న దేవుడు మందును వద్దనలేదు.

మరి ఆరు నెలలు ఎందుకు? చాలా సూక్ష్మక్రిములు అరగంటలోపే ఒకటి రెండవుతాయి. క్షయ క్రిమికి అందుకు దాదాపు ఒక రోజు పడుతుంది. కొన్ని క్రిములైతే ఊపిరితిత్తుల్లో కదలకుండా నిద్రపోతుంటాయి. మొదటి రెండు నెలలు వాడే నాలుగు మందులు చురుకైన క్రిములను చంపుతాయి. అందుకే కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గుతాయి. నిద్రలో ఉన్నవి అప్పుడప్పుడు లేస్తుంటాయి. తరువాతి నాలుగు నెలల మందు వాటి కోసమే. అంటే రోగికి ఏమీ జరగడం లేదనిపించే కాలంలోనే లోపల అసలు పని జరుగుతున్నది. మధ్యలో మానితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. అట్లా తిరిగి వచ్చిన వారి చికిత్స కష్టం, కొందరిని మేము కాపాడుకోలేకపోయాము.

ఆరు నెలలే ఎక్కువ అనిపించేవారికి ఆరోగ్యవరం సంగతి చెప్పాలి. రాయలసీమలో మదనపల్లె దగ్గర, కొన్ని మిషన్లు కలిసి 1912లో మొదలుపెట్టిన క్షయ ఆసుపత్రి అది. డెన్మార్కు నుండి వచ్చిన మిషనరీ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మొల్లర్ దానిని నడిపించారు. అప్పుడు క్షయకు మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, ప్రార్థన. రోగులు నెలల తరబడి పడక మీదే ఉండేవారు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. అంటే ఆ ఆసుపత్రి ముప్పై ఏళ్ళకు పైగా కనిపెట్టింది. అక్కడ ప్రార్థించినవారిలో ఎందరో ఆ మందును చూడకుండానే ప్రభువునొద్దకు వెళ్ళారు. ఎందుకట్లా అని అడిగితే మా దగ్గర సులువైన జవాబు లేదు.

వచ్చిన మందు కూడా ఒక్కటే వాడితే క్రిమి దానికి అలవాటుపడింది. అందుకే రెండు మూడు కలిపి ఇవ్వడం నేర్చుకున్నారు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, ఇంటి దగ్గర ఉండి మందు వాడినా ఆసుపత్రిలో ఉన్నంత బాగా నయమవుతుందని 1959లో చూపింది. ఈరోజు కోరుట్లలో ఒక తల్లి తన ఇంట్లోనే ఉండి మందు వేసుకోగలుగుతున్నదంటే దాని వెనుక ఇంత నిరీక్షణ ఉన్నది.

నయమాను యొర్దానులో ఏడుసార్లు మునిగాడు. ఆరోసారి లేచినప్పుడు చర్మం ఎట్లున్నదో వాక్యము చెప్పదు. మా ఓపీలో కూర్చున్నప్పుడు ఆ ఆరో మునక మాకు తరచు గుర్తుకు వస్తుంది.

మా ప్రాంతంలో అందరికంటే కష్టం గల్ఫుకు పోవలసిన తమ్ముళ్ళది. అప్పు ఉంటుంది, వీసాకు గడువుంటుంది, మూడో నెలలో ఒంట్లో బలం వస్తుంది. ఆ వీసా కూడా వారు ప్రార్థన చేసి పొందినదే, కాబట్టి వదులుకోమని చెప్పడం మాకు తేలిక కాదు. కానీ అక్కడి వైద్య పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. మందు మధ్యలో ఆపి పోయినవాడు వెనక్కు రావలసి వస్తే అప్పు రెండింతలవుతుంది. తమ్మీ, పోయేముందు ఒక్కసారి మాతో మాట్లాడు.

సంఘ కుటుంబాలకు ఒక విన్నపం. మూడో నెల నుండి రోగిని అందరూ మరిచిపోతారు, అప్పుడే వెళ్ళి పలకరించండి. గుడ్లు, పప్పు, పాలు తీసుకొని వెళ్ళండి. పోషణ కోసం ప్రభుత్వం నెలకు ఇచ్చే సొమ్మును 2024 నవంబరు నుండి 500 రూపాయల నుండి 1000కి పెంచింది, అది అందుతున్నదా అని అడగండి. మూత్రం ఎర్రగా వస్తే భయపడవద్దు, అది మందు రంగు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. ఆరో నెల చివర తెమడ పరీక్ష మళ్ళీ ఉంటుంది. ఆ రోజు రోగితో పాటు ఇంట్లోవాళ్ళు కూడా ఒకరు రావాలి.