నరికిన మోడు మరల చిగురింపకుండుటకు

చెరువుకట్ట మీది కంపను కొట్టించుట మన గ్రామములలో తరచుగా జరుగు పని. కూలీలు వచ్చెదరు, గొడ్డళ్ళు మ్రోగును, నాలుగు దినములలో కట్ట శుభ్రముగా కనబడును. పని పూర్తియైనట్లు పంచాయతీ పుస్తకములో వ్రాసికొందురు. తొలకరి వాన పడిన పిమ్మట పోయి చూచినచో, ఒక్క కాండముండిన చోట ఎనిమిదో పదియో పిలకలు లేచి యుండును. రెండేండ్లలో ఆ పొద మునుపటి కంటె దట్టమగును. మరల కూలీలు, మరల వ్యయము. చెట్టును నరుకుట వేరు, చంపుట వేరు అను సంగతి మరచుటయే దీనికి కారణము. ఈ రెండవ పనిని గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములను మేమిచట వివరింపదలచితిమి.

ఈ చెట్టు ఎక్కడిది?

మన చెరువులను ఆక్రమించిన చెట్లలో మొదట చెప్పదగినది సర్కారు తుమ్మ. కొన్ని చోట్ల దీనిని ఇంగ్లీషు తుమ్మ యనియు, సీమ తుమ్మ యనియు, ఊరక కంపచెట్టు అనియు పిలుతురు. ఇది మధ్య అమెరికా, కరిబియన్ ప్రాంతములకు చెందినది. 1877 ప్రాంతమున అటవీ శాఖవారు వంటచెరకు కొరకు జమైకా ద్వీపము నుండి విత్తనములు తెప్పించి కడప జిల్లాలో నాటించిరి. భారతదేశమున ఈ చెట్టు తొలుత వేరూనిన చోట్లలో మన తెలుగు నేల యొకటి. 1940లో జోధ్‌పూరు సంస్థానము దీనిని రాజవృక్షముగా ప్రకటించి రక్షణ కల్పించినది. మేలు కొరకు తెచ్చిన చెట్టే నేడు బీళ్ళను, చెరువు శిఖములను, వాగులను కప్పివేసినది.

దీని వ్యాప్తికి పశువులే వాహనములు. పండిన కాయలు తీయగా నుండుటచే మేకలు, గొఱ్ఱెలు, ఆవులు ఆశగా తినును. గట్టి విత్తనము జీర్ణము కాక పేడతోడను పెంటికలతోడను బయటపడి, ఎరువు నడుమనే మొలకెత్తును.

నరికించుటకు ముందు చెట్టును గుర్తుపట్టవలెను. మన నల్లతుమ్మకు పసుపుపచ్చని గుండ్రని పూలు, పూసలు గ్రుచ్చినట్లు నొక్కులుగల కాయలు ఉండును. సర్కారు తుమ్మ పూలు పొడవైన కంకులవలె నుండును. కాయలు గడ్డిరంగుతో నిండుగా నుండును. దసరానాడు మనము పూజించు జమ్మి సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టము. అది తెలంగాణ రాష్ట్రవృక్షము. జమ్మిని, నల్లతుమ్మను కంపతోపాటు కొట్టివేయుట జరుగరాదు. కనుక పనికి ముందే నరుకవలసిన చెట్లకు సున్నముతో గుర్తులు పెట్టించుట మంచిది.

నరికినను ఎందుకు చావదు?

చెట్టు బలమంతయు పైకి కనబడు కొమ్మలలో లేదు. ఆకులు వండిన ఆహారములో కొంత భాగము వేళ్ళలో నిలువయై యుండును. కాండము వేళ్ళతో కలియు చోట, నేలమట్టమునకు కొంచెము క్రింద, నిద్రించు మొగ్గలు అనేకము గలవు. పై చెట్టు బ్రతికియున్నంతకాలము ఆ మొగ్గలు అణగియుండును. గొడ్డలి దెబ్బతో పైభాగము పోగానే అవి మేల్కొని, వేళ్ళలోని నిలువను తిని, పిలకలుగా లేచును. మోకాటి ఎత్తున నరికినచో మొగ్గలు మరింత ఎక్కువగా మిగులును. నిప్పు పెట్టినను నేలలోపలి మొగ్గలకు సెగ తగులదు. కొందరు ఉప్పు పోయుదురు. దానివలన చెట్టుకంటె ముందు నేల చెడును.

కనుక శాశ్వతముగా వదలించుకొను మార్గములు రెండే. మొదటిది, మొగ్గలున్న భాగమును నేలలోనుండి పెల్లగించుట. రెండవది, నరికిన మోడునకు కలుపు మందు పూసి, అది వేళ్ళలోనికి దిగునట్లు చేసి, మొగ్గలను చంపుట.

ఏ చోట ఏ పద్ధతి?

చెరువు గర్భములోను, బీళ్ళలోను పెల్లగించుటయే మేలు. వేసవిలో చెరువు ఎండినప్పుడు పూడిక తీయించు యంత్రముతోనే మొదళ్ళను కూడ తీయింపవచ్చును. చిన్న చెట్లను గడ్డపారతో త్రవ్వి, నేలమట్టమునకు జానెడుకు తక్కువ కాని లోతున వేరును నరికినచో మరల లేవవు. ఇచట మందు అవసరము లేదు. నీరు నిలుచు చోట దానిని వాడకుండుటయే క్షేమము.

పెల్లగింపరాని చోట్లు కొన్ని గలవు. చెరువుకట్ట అందు ముఖ్యమైనది. దశాబ్దములుగా గట్టిపడిన మట్టిని మొదలుతో సహా పెకలించినచో అచట గుంతపడి, మట్టి వదులై, వరద వచ్చినప్పుడు గండిపడు ప్రమాదము కలదు. తూము ప్రక్కన, అలుగు గోడలో, రాతి పేర్పు సందులలో, బావి ఒరలో, కల్వర్టు గోడలో, బడి పునాది చెంత మొలచిన చెట్ల సంగతియు నిట్టిదే. ఇట్టి చోట్లనే మోడునకు మందు పూయు పద్ధతి మిక్కిలి ఉపయుక్తము.

అయితే కట్ట విషయమున ఇంకొక సంగతి మరువరాదు. పెద్ద చెట్టు చచ్చిన పిమ్మట దాని వేళ్ళు కట్ట లోపల కుళ్ళి సొరంగములవంటి సందులు ఏర్పడును. ఆ సందులగుండ నీరు ఊరి కట్టను బలహీనపరచును. అందుచే కట్టమీద ముదిరిన మహావృక్షములను నీటిపారుదల శాఖ ఇంజనీరు సలహా లేక ముట్టరాదు. చేతి బొటనవ్రేలి లావున నున్నప్పుడే మొక్కను నరికి మందు పూసినచో ఈ చిక్కు రానే రాదు.

మందు ఎట్లు పూయవలెను?

బెరడునకు క్రిందనే, చెక్కకు పైన, ఒక పలుచని సజీవమైన పొర చుట్టును వలయమువలె నుండును. ఆకుల ఆహారము వేళ్ళకు దిగు దారి అదియే. మందు దిగవలసిన దారియు నదియే. మోడు నడిమిభాగము చేవ. అది ఆ పనిలో పాలుగొనదు. కనుక మోడు మీద మందును కుమ్మరించుట వృథా. అంచున బెరడును ఆనుకొని యున్న వలయమును కుంచెతో తడిపిన చాలును.

క్రమమిది. మొదట మోడు చుట్టునున్న మట్టిని, చెత్తను తొలగింపవలెను. పిదప నేలకు వీలైనంత దగ్గరగా, చదునుగా రంపముతో కోయవలెను. రంపపు పొట్టును తుడిచివేయవలెను. నీటితో కలిపిన మందైనచో కోసిన వెంటనే, నిమిషముల లోపలనే పూయవలెను. ఆలస్యమైనకొలది కోసిన ముఖము ఆరి మూసికొనును. మందు లోనికి పోదు. ఉదయము నరికి సాయంత్రము మందు పూయుట వలన ప్రయోజనము లేదు. అందుచే ఇద్దరు జంటగా పని చేయవలెను: ఒకరు కోయుచుండగా వెంటనే రెండవవారు పూయుచుండవలెను. మందులో కొంచెము రంగు కలిపినచో ఏ మోడునకు పూసితిమో, దేనిని మరచితిమో తెలియును. నూనెలో కలియు రకపు మందులను కోసిన ముఖముతోపాటు మోడు ప్రక్కల బెరడునకు కూడ నేలవరకు పూయుదురు.

కాలనిర్ణయము ముఖ్యము. చెట్టు కొత్త చిగుళ్ళు వేయునప్పుడు రసము పైకి పోవుచుండును; అప్పుడు మందు క్రిందికి దిగుట కష్టము. వర్షాకాలము ముగిసిన పిమ్మట, చెట్టు పచ్చగా నుండి ఆహారమును వేళ్ళకు పంపుచున్న కాలము అనుకూలము. కట్ట వెలుపలి వాలున అప్పుడు పని చేయవచ్చును. నీటి వైపు వాలున మాత్రము నీరు బాగుగా వెనుకకు తీసిన తరువాతనే చేయవలెను. వాన వచ్చు సూచన యున్న దినమున ఎచటను చేయరాదు.

ఏ మందు? చట్టమేమి?

1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టము కలుపు మందులకును వర్తించును. నమోదైన మందును, దాని చీటీపై వ్రాసిన ఉపయోగమునకే, వ్రాసిన మోతాదుననే వాడవలెను. ఆస్ట్రేలియావంటి దేశములలో ఈ జాతి చెట్ల మోళ్ళకు ట్రైక్లోపైర్, పిక్లోరం కలిసిన మందును డీజిలులో కలిపి పూయుదురు. కాని పరదేశమున వాడునది మన దేశమున అనుమతింపబడినదని అనుకొనరాదు.

మన రైతులకు తెలిసిన గ్లైఫోసేట్ వేళ్ళవరకు దిగు స్వభావము కలది. బురదనీటిలో కలిపినచో దాని శక్తి నశించును కనుక తేటనీరే వాడవలెను. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ దీనిని మానవులకు బహుశః క్యాన్సరు కలిగింపగల పదార్థముల వర్గమున చేర్చినది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము దీనిని లైసెన్సుగల తెగుళ్ళ నివారణ నిపుణుల ద్వారా మాత్రమే వాడవలెనని ఉత్తర్వు వెలువరించినది. అందుచే అంగడిలో దొరికినదని కొని తెచ్చుట పంచాయతీకి తగదు. నేటి నియమమేమో మండల వ్యవసాయాధికారి నడిగి, ఆయన వ్రాతపూర్వకమైన సలహా తీసికొని, లైసెన్సుగలవారిచేతనే పని చేయింపవలెను. 2,4-డి అను మందు ఆవిరి, తుంపర గాలికి కొట్టుకొనిపోయినచో ప్రక్క పొలములోని ప్రత్తి, మిరప, టమాటా చెడిపోవును. పారాక్వాట్ తగిలిన ఆకును మాత్రము మాడ్చును, వేరునకు దిగదు. పైగా దానికి విరుగుడు లేదు. ఈ పనికి దానిని దరిచేరనీయరాదు.

ప్రాణరక్షణ

చిక్కని మందుతో పని కనుక జాగ్రత్తలో లోపము పనికిరాదు. రబ్బరు చేతితొడుగులు, కళ్ళజోడు, నిండు చేతుల చొక్కా, బూట్లు లేనిదే కూలీని పనికి దింపరాదు. వాటిని పంచాయతీయే సమకూర్పవలెను; కూలివారి మీద వదలరాదు. మందును త్రాగునీటి సీసాలోనికి ఎన్నడును మార్చరాదు. ఖాళీ డబ్బాలను చిల్లులు పొడిచి, అప్పగింపవలసిన చోట అప్పగింపవలెను; చెరువులో కడుగరాదు. త్రాగునీటి బావి, బోరు సమీపమున మందు మాట తలపెట్టరాదు. అచట పలుగే శరణ్యము. పూసిన చోటికి పశువులను కొన్ని దినములు రానీయరాదు. మందు పూసిన మోళ్ళను వంటచెరకుగా కొట్టుకొనిపోవద్దని దండోరా వేయింపవలెను. ఎవరికైనను మందు సోకి అస్వస్థత కలిగినచో 108 వాహనమును పిలిచి, మందు చీటీని వైద్యునకు చూపవలెను.

గోడలలోని రావి, మర్రి

గుడిగోపురములలోను, బడిగోడలలోను పక్షులు వేసిన విత్తనముల వలన రావి, మర్రి మొలచును. ఏటేట విరిచివేసినకొలది వేరు లావై గోడను చీల్చును. వీటిని లేతగా నున్నప్పుడే వేరుతో తీసి, పూజ్యభావము గలవారి మనస్సు నొవ్వకుండ ఊరి బయట నాటింపవచ్చును. తీయరాని వేరునకు పైన చెప్పిన రీతిని మందు పూయించి, అది పూర్తిగా చచ్చిన పిమ్మట సందును సున్నముతో పూడ్పవలెను. పురావస్తు శాఖ రక్షణలో నున్న కట్టడములను మాత్రము వారి అనుమతి లేక తాకరాదు.

కట్టెమీద బ్రతుకువారు

ఒక విషయము సభ్యులు నిదానముగా యోచింపవలెను. నరికినను చిగురించు గుణమే మనకు చిక్కు; ఆ గుణమే పేదవానికి జీవనాధారము. పొయ్యిలోనికి కట్టె, దొడ్డికి కంప, బొగ్గు బట్టీకి మొద్దు, మేకకు కాయ ఈ చెట్టునుండియే వచ్చుచున్నవి. కట్టమీదను, కాలువలోను ఉన్నదానిని చంపుట అవసరమే. కాని ఊరిలోని కంపనంతయు ఒక్క ఏట చంపినచో కట్టెలమ్ముకొను కుటుంబములు ఎచటికి పోవును? కనుక ఏ సర్వే నంబరులో వేళ్ళతో తీయింపవలెనో, ఏ బీటిలో వంటచెరకునకై ఉంచవలెనో గ్రామసభలో ఆ కుటుంబములవారి యెదుటనే నిర్ణయింపవలెను. నరికిన కలప ఎవరిది, వేలపు సొమ్ము ఏ ఖాతాకు చేరును, భూమి ఏ శాఖది, 2002 నాటి వాల్టా చట్టము క్రింద అనుమతి కావలెనా అనునవియు అప్పుడే తేల్చుకొనవలెను.

పని ఎప్పటికి పూర్తియగును?

మందు పూసిన దినమున పని ముగియదు. రెండు మూడు నెలలకు ఒకమారు, తొలకరి పిమ్మట మరియొకమారు కట్టమీద నడచి చూడవలెను. ఒకటి రెండు మోళ్ళు చిగురించుట సహజము. వాటిని మరల కోసి పూయింపవలెను. నేలలో దాగిన విత్తనములు అనేక సంవత్సరములు మొలచుచునే యుండును. వాన తడి యున్నప్పుడు ఆ లేత మొక్కలను చేతితో పీకివేయుట సులభము. ఖాళీయైన కట్టవాలుపై గరికను గాని, వట్టివేరును గాని పెంచినచో మట్టి నిలుచును, కంపకు చోటు దొరకదు. శిఖమునకు ఎగువన కానుగ, వేప నాటింపవచ్చును.

కావున అంచనా వేయునప్పుడే నరుకుడు ఖర్చుతోపాటు రెండేండ్ల తనిఖీ ఖర్చును కూడ చేర్చి తీర్మానింపవలసినదని పంచాయతీ సభ్యులకు మా మనవి. రెండవ తొలకరికి కూడ ఆ మోళ్ళు చిగురింపనప్పుడే పుస్తకములో "పని పూర్తియైనది" అని వ్రాయుట న్యాయము.