సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్కకపోతే ఏమి చేయాలి?

పాల తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., వాటిపై కట్టిన ధర - ఇవన్నీ నేడు అనేక సంఘాలలో కంప్యూటరులోనే జమ అవుతున్నవి. ఈ లెక్కలను భద్రపరచి, అడిగినప్పుడు అందించే సాఫ్ట్‌వేరును డేటాబేస్ సర్వర్ అంటారు. కొత్త కంప్యూటరులో దీనిని ఎక్కించే పని సగంలో ఆగిపోతే సభ్యుల బిల్లు ఆలస్యమవుతుంది. దాణా బాకీ తీర్చవలసిన రైతుకు అది చిన్న ఇబ్బంది కాదు. అందుచేత ఈ విషయం సెక్రటరీలకే కాక సభ్యులందరికీ తెలిసి ఉండాలని మేము భావిస్తున్నాము.

మొదటి జాగ్రత్త: సేకరణ ఆగరాదు. రెండు పూటల లెక్కలు రిజిస్టరులోను, పాసు పుస్తకాలలోను చేతితో వ్రాయండి. పాత కంప్యూటరులోని లెక్కలు చెరిపివేయకండి. వాటికి నకలు తీసి వేరే చోట దాచండి.

ఇక కారణాలు వెదకాలి. మైక్రోసాఫ్ట్ ఎస్.క్యు.ఎల్. సర్వర్‌ను ఉదాహరణగా తీసుకుందాము. 2016 నుండి వచ్చిన కూర్పులు 64 బిట్ల కంప్యూటరుపై మాత్రమే ఎక్కుతాయి. డిస్కులో కనీసం 6 జి.బి. ఖాళీ ఉండాలి. ఎక్కించే వారికి అడ్మినిస్ట్రేటర్ అధికారం ఉండాలి. అంతకుముందు చేసిన మార్పులకు కంప్యూటరు రీస్టార్ట్ కోరుతూ ఉంటే ముందు ఆ పని పూర్తి చేయాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా ఎక్కకపోతే, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించడం వల్ల లాభం లేదు. పశువు మేత మానినదని చెబితే సరిపోదు గదా! ఎన్నాళ్ళ నుండి, జ్వరం ఉన్నదా, నెమరు వేస్తున్నదా అని పశువైద్యుడు అడుగుతాడు. ఇక్కడా అంతే. తెరపై 1603 అనే అంకె కనిపించవచ్చు. పని ఆగిపోయినదని మాత్రమే దాని అర్థం. ఎందుకు ఆగినదో అది చెప్పదు.

కారణం లాగ్ ఫైళ్ళలో ఉంటుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని మైక్రోసాఫ్ట్ ఎస్.క్యు.ఎల్. సర్వర్ ఫోల్డరు తెరచి, కూర్పు అంకె, సెటప్ బూట్‌స్ట్రాప్, లాగ్ అనే వరుసలో వెళ్ళండి. ప్రతి ప్రయత్నానికీ తేదీ, వేళలతో ఒక ఫోల్డరు ఏర్పడి ఉంటుంది. అందులోని సమ్మరీ ఫైలు ఏ భాగం విఫలమైనదో చూపుతుంది. డీటెయిల్ ఫైలు పూర్తి వివరం ఇస్తుంది.

సాంకేతిక సిబ్బందిని పిలిచే ముందు ఇవి సిద్ధం చేయండి:

1. తెరపై వచ్చిన సందేశం ఫోటో, అది వచ్చిన వేళ.
2. విండోస్ కూర్పు, సాఫ్ట్‌వేర్ కూర్పు.
3. డిస్కులో ఖాళీ, మెమరీ ఎంత.
4. ఆ వేళకు చెందిన లాగ్ ఫోల్డరు మొత్తం.
5. అంతకుముందు చేసిన మార్పులు, కరెంటు పోయి ఉంటే ఆ సంగతి.

పాస్‌వర్డులు, సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు వీటితో పంపరాదు.

ఈ అయిదు వివరాలు చేతిలో ఉంటే వచ్చినవారు ఊహలతో కాలం గడపక నేరుగా మరమ్మతు మొదలుపెట్టగలరు. ఈ పట్టికను కంప్యూటరు ప్రక్కన గోడకు అంటించి ఉంచవలసినదిగా సంఘాలను కోరుతున్నాము.