తునికాకు కట్టలో క.సా.గు.

ఏప్రిల్, మే నెలలొస్తే దుమ్ముగూడెం, చర్ల అడవుల్లోని కోయగూడేలు తెల్లారేసరికి ఖాళీ. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం కిందికి వచ్చిన ఊళ్లివి. బడికి సెలవులు కాబట్టి పిల్లలూ పెద్దల వెంట తునికాకు కోతకు వెళ్తారు. తెచ్చిన ఆకును యాభయ్యేసి లెక్కపెట్టి కట్టలు కట్టి, కల్లానికి చేరుస్తారు. కూలి కట్టల లెక్కన. లెక్క తప్పితే పోయేది మార్కులు కాదు, డబ్బులు!

జూన్‌లో బడి తెరిచాక బోర్డు మీద 1/3 + 1/4 కనబడితే మాత్రం చాలామంది తడుముకోకుండా 2/7 అనేస్తారు. పైవి పైన, కిందవి కింద కూడేయడమన్నమాట. ఇది అడవి పిల్లల తిప్పలే అనుకునేరు, పట్నం బళ్లలోనూ ఇదే వరస. 2/7 అసలు 1/3 కన్నా చిన్నది. కూడితే తగ్గడమేమిటని ఆగి చూసేవాళ్లే తక్కువ.

పాత కొలతలు ఎరిగిన అమ్మమ్మ ఈ పొరపాటు చేయదు. మానెడులో తవ్వెడు సగం, సోలెడు పావు. తవ్వెడు గింజలకు సోలెడు కలిపితే ఎంత? తవ్వెడంటే రెండు సోలలు కాబట్టి మొత్తం మూడు సోలలు, అంటే ముప్పావు మానెడు. ముందు రెండింటినీ ఒకే కొలతలోకి తెచ్చి, ఆ తర్వాతే కూడుతుంది. పుస్తకంలో క.సా.గు. చేసే పనీ అదే. 3, 4ల క.సా.గు. 12. మూడో వంతంటే పన్నెండింట నాలుగు, నాలుగో వంతంటే పన్నెండింట మూడు. కలిపితే 7/12.

ఇక బీజగణితం. ఓ ఇంట్లో మొత్తం కట్టల్లో మూడో వంతు తల్లి, నాలుగో వంతు తండ్రి కట్టారు. మిగతా 50 కూతురు కట్టింది. మొత్తం ఎన్ని? తెలియని ఆ మొత్తమే ఎక్స్. అమ్మానాన్నలవి పన్నెండింట ఏడు వంతులు. మిగిలిన అయిదు వంతులూ 50 అయితే ఒక్కో వంతు 10, పన్నెండు వంతులు 120. సరిచూసుకోవాలంటే 40, 30, 50 కూడితే సరి.

ఈ తరహా లెక్కలు కొత్తవేం కావు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో ఒంటెల మందతో లెక్క కట్టాడు. పావు వంతు అడవిలో, మొత్తం సంఖ్య వర్గమూలానికి రెట్టింపు కొండవాలులో, పదిహేను ఏటి ఒడ్డున ఉన్నాయి. మొత్తం 36. భిన్నాల కూడికకు క.సా.గు. వాడిన తొలితరం వాడు ఆయనే. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కలు తన భాషలో ఉండాలన్న పట్టుదల తెలుగువాడికి అప్పటిది.

కోయ పిల్లలకు ఆ వీలు చాలా ఆలస్యంగా దక్కింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే చిన్న తరగతుల బోధన మొదలైంది. పై తరగతుల్లో మళ్లీ లవం, హారం! హారమంటే మెడలో వేసేదే కదా అని తెలుగింటి పిల్లలే తికమకపడతారు.

అయితే ఈ భిన్నాలు కల్లం దగ్గర అక్కరకొస్తాయి. తరుగు కింద నూటికి అయిదు కట్టలు అదనంగా ఇమ్మన్నారనుకోండి. ఇచ్చేది 105, కూలి వచ్చేది 100కే. పోయింది ఇరవయ్యో వంతు కాదు, 5/105. అంటే ఇరవై ఒక్క కట్టలు కడితే ఒకదానికి, అంటే యాభై ఆకులకు, కూలి లేనట్టే.