కొండముచ్చుల కాపురంలో కలహాలు

"మనిషి కంటె జంతువే నయం, తన జాతిని తాను చంపుకోదు" అని మనం తరచు అంటూ ఉంటాం. అన్నదమ్ములు ఆస్తి దగ్గర తగువులాడుకున్నా ఈ మాటే అనేస్తాం. వినడానికి బాగానే ఉంటుంది కాని, నిజం మాత్రం కాదండీ. ఆ సంగతి శాస్త్రజ్ఞులకి తెలియజెప్పిన వాటిలో మన దేశపు కొండముచ్చులు ముఖ్యమైనవి.

నల్లటి మొహం, బూడిదరంగు ఒళ్ళు, ఇంత పొడుగు తోక. శ్రీశైలం వెళ్ళేదారిలో మీరూ చూసే ఉంటారు. వీటి సంసారం తీరే వేరు. మందలో ఆడవన్నీ తల్లీ, కూతుళ్ళూ, పినతల్లులూను. పుట్టినచోటే ఉండిపోతాయి. పుట్టిల్లు విడిచి వెళ్ళవలసింది మగదే! చాలా మందల్లో పెద్దమగది ఒక్కటే ఉంటుంది. తక్కిన మగవి గుంపు కట్టి బయట తిరుగుతూ, ఎప్పుడు సందు దొరుకుతుందా అని చూస్తుంటాయి. అదను చూసి మీదపడి, పాతదాన్ని తరిమేసి, ఒకటి మందని ఆక్రమించుకుంటుంది.

ఆ తర్వాత జరిగేది వింటే మనసు కలుక్కుమంటుంది. ధార్వాడ దగ్గర యుకిమారు సుగియామా అనే జపాన్ శాస్త్రజ్ఞుడు 1962లో చూశాడు. కొత్తగా వచ్చిన మగది మందలోని పాలుతాగే పిల్లల్ని కరిచి చంపేసింది. అడవులు తరిగి, ఇరుకై, వాటికి మతి చెడిందేమోనని కొందరన్నారు. ఆ ఇరుకు సంగతే తేల్చుకుందామని 1971లో సారా హర్డీ అనే అమెరికన్ విద్యార్థిని రాజస్థాన్‌లోని ఆబూ కొండకి వచ్చింది. ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వచ్చి చూసింది. చూడగా చూడగా, ఇది పిచ్చి కాదు, దీనికో లెక్క ఉందని ఆమెకి తోచింది.

ఆ లెక్క మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. బిడ్డకి పాలిస్తున్నన్నాళ్ళూ కొండముచ్చు ఎదకి రాదు. ఆ పాలివ్వడం ఏడాది పైమాట. ఆబూలో ఒక మగది మందని ఏలేది సగటున రెండేళ్ళ పైచిలుకు మాత్రమే. బిడ్డ పోతే తల్లి కొద్ది రోజుల్లోనో, వారాల్లోనో మళ్ళీ ఎదకి వస్తుంది. ఆగి చూసే మగదాని కంటె, ఈ పాపానికి ఒడిగట్టిన మగదానికే సంతానం ఎక్కువ. ఆ గుణమే సంతానానికీ వస్తుంది. జాతి బాగు కోసం ప్రకృతి అంతా సర్దిపెడుతుందని మనం అనుకుంటాం. కాదు. ఎవరి సంతానం మిగిలితే వారి గుణం నిలుస్తుంది, అంతే.

ఈ మాటని ఒప్పుకోని శాస్త్రజ్ఞులు చాలామందే ఉండేవారు. చివరికి 1999లో, నేపాల్‌లోని రాంనగర్ కొండముచ్చుల మీద జరిగిన డి.ఎన్.ఎ. పరీక్షల ఫలితాలు వచ్చాయి. పిల్లల మీద పడ్డ మగవాటిలో ఏ ఒక్కటీ ఆ పిల్లలకి తండ్రి కాదని తేలింది.

మరి తల్లి చేతులు ముడుచుకుని కూర్చుంటుందా? కూర్చోదు! ఆబూలో సోల్ అని పేరుపెట్టిన ముసలి ఆడకొండముచ్చు ఒకటి ఉండేది. దానికి కనే వయసు దాటిపోయింది. మామూలు రోజుల్లో ఓ మూల ఒంటరిగా ఉండేది. అలాంటిది, మగది పసిదాని మీద పడినప్పుడు తన ఒంటికి తెగించి అడ్డుపడింది. అదీగాక, ఆడవి బయటి మగవాటితోనూ కలుస్తాయి. కడుపుతో ఉన్నప్పుడు కూడా కలుస్తాయి. తనతో కలిసిన ఆడదాని బిడ్డ జోలికి మగది సాధారణంగా పోదు, అది తన బిడ్డే కావచ్చు కదా! ఇవన్నీ అది కూర్చుని ఆలోచించి వేసిన ఎత్తులు కావు సుమండీ. అలా నడుచుకున్న తల్లుల పిల్లలు ఎక్కువగా బతికారు, ఆ నడత నిలిచింది.

తల్లీ బిడ్డల మధ్యా పోటీ ఉంది. పాలు మాన్పించే రోజుల్లో కొండముచ్చు పిల్ల కేకలు పెట్టి, దొర్లి, తల్లిని కొడుతుంది కూడా. రాబర్ట్ ట్రివర్స్ అనే ఆయన 1974లో దీని కారణం చెప్పాడు. తల్లికి చంకలో బిడ్డా, రేపు పుట్టబోయే బిడ్డా సమానమే. బిడ్డకి మాత్రం తమ్ముడి కంటె తానే ఎక్కువ. అందుకని తల్లి ఇక చాలంటే, పిల్ల ఇంకాస్త కావాలంటుంది. మన ఇళ్ళల్లో చూడనిదా ఇది!

అయితే ఒక్క మాట. ప్రకృతిలో ఉంది కదా అని అది న్యాయం అయిపోదు. కొండముచ్చుకి మంచిచెడ్డల విచారణ లేదు, మనకుంది. దాన్ని తిట్టవద్దు, దాన్ని చూపించి మనిషి చేసే దుర్మార్గాన్ని సమర్థించనూ వద్దు. కాని ఆడదంటే కని పెంచడమే గాని తనకంటూ ఒక ఎత్తుగడ లేనిదని ఎవరైనా అంటే మటుకు, ఆబూ కొండమీది తల్లుల సంగతి చెప్పండి.