పుట్టిల్లు లేని పురుడు

పిఠాపురం మహారాజు సూర్యారావు బహదూరు వితరణమునను, రఘుపతి వేంకటరత్నం నాయుడు ప్రోత్సాహమునను కాకినాడలో వెలసిన అనాథశరణాలయము, ఇరువదవ శతాబ్ది పూర్వార్ధముననే దిక్కులేని పిల్లలకు అన్నమును, విద్యను ఒసంగినది. పిల్లలను పెంచుట ఒక యెత్తు. పెరిగినవారిని లోకములోనికి సాగనంపుట మఱియొక యెత్తు.

18 ఏండ్లు నిండి సంస్థను వీడువారికి ఆర్థికసాహాయ్యము చేయవచ్చునని 2015 నాటి బాలల న్యాయచట్టపు 46వ సెక్షను చెప్పుచున్నది. ఆ యండ 21వ యేటివఱకు, విశేషకారణములున్నచో మఱి రెండేండ్లు, కొనసాగవచ్చునని 2016 నాటి నమూనా నియమములు నిర్దేశించినవి. కొందఱు కలసి వసించుటకు ఇల్లు, వృత్తిశిక్షణ, భృతి అందు చేరియున్నవి. మిషన్ వాత్సల్య అను సర్కారు పథకము క్రింద ఇట్టివారికి నెలకు 4,000 రూపాయలు. అద్దెకును, తిండికిని అది చాలునని నేననుకొనను. ఈ సాయమునకై ఆశ్రయింపవలసినది జిల్లా బాలల సంరక్షణ విభాగము.

ఇక అట్లు సంస్థను వీడి తల్లులగు యువతుల మాట. తొలిచూలున ఆడపిల్ల పుట్టింట పురుడు పోసికొని, తల్లి చేతి పథ్యము తిని, బిడ్డకు నీళ్లు పోయుట చూచి నేర్చుకొను ఈ గోదావరి సీమలో, పుట్టిల్లే యెఱుగని పిల్ల ఎక్కడికి పోవలెను? సర్కారు ఆసుపత్రి కాన్పు చేయును, అంగన్‌వాడీ పోషకాహారమిచ్చును, మాతృవందన పథకము తొలిబిడ్డకు 5,000 రూపాయలొసంగును. నడిరేయి బిడ్డ గుక్కపట్టి యేడ్చునపుడు పిలువదగిన పెద్దదిక్కు మాత్రము ఏ పథకమునను లేదు! ఇంగ్లండులో సంరక్షణను వీడిన యువజనులు కోరినచో 25వ యేటివఱకు ఒక సలహాదారు తోడుండును. మన సంస్థలును, పూర్వవిద్యార్థినిని పురిటినెలలందు తిరిగి రానిచ్చి, అనుభవముగల ఆయానొకతెను ఆమెకు తోడుంచినచో, అందుకగు వ్యయము స్వల్పమే.